సున్నాకు దిగాక ఏమి జరగాలి? స్పృహ తప్పే నియమాల్లో మీ టేబుల్‌కు నప్పేది ఏది

బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రను నడుపుతూ పాచికలతో కథ సాగించే టేబుల్‌టాప్ ఆటల్లోకి నేను వచ్చిన కొత్తలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడున్నర ఎడిషన్ ఆడేవాళ్లం. ఒక రాత్రి నా యోధుడు రెండో రౌండ్‌లోనే కూలిపోయాడు. హిట్ పాయింట్లు, అంటే పాత్ర ఇంకా ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె, మైనస్ 7. తోటి ఆటగాడు కట్టు కట్టి రక్తం ఆపాడు కాబట్టి ప్రాణం దక్కింది. మళ్లీ లేపేంత వైద్యం మాత్రం ఎవరి దగ్గరా మిగల్లేదు. పోరు ఇంకో ముప్పావు గంట సాగింది. ఆ ముప్పావు గంటలో నేను వెలగబెట్టింది అందరికీ టీ పెట్టడం.

ఇప్పుడు కథనూ శత్రువులనూ నడిపే గేమ్ మాస్టర్ కుర్చీలో కూర్చునేది ఎక్కువగా నేనే. కొత్త బృందం కుదిరినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: పాత్ర స్పృహ తప్పితే ఏ ఆట నియమం మంచిది? చాలామంది ఏది ఎక్కువ సహజంగా ఉందో చూసి తేల్చుకోబోతారు. ఆ తూకంలో ఏ ఆటా నెగ్గదు. తలకు దెబ్బ తగిలిన మనిషి కొన్ని నిమిషాలకు మించి స్పృహ లేకుండా ఉంటే అది ఆసుపత్రికి పరుగెత్తించే మెదడు గాయం. గంట తర్వాత లేచి దుమ్ము దులుపుకుని నడిచే సంగతి కాదు. అందుకే నేను సహజత్వాన్ని పక్కన పెట్టి ఇంకోటి చూస్తాను. ఒకరు పడిపోయాక మిగతా ముగ్గురు నలుగురు తమ వంతు రాగానే ఏమి చేస్తారు? పరుగెత్తుకుని వస్తారా, పట్టించుకోకుండా కొట్లాడతారా, పారిపోవాలని చూస్తారా? నియమాన్ని మారిస్తే ఈ జవాబు మారుతుంది, దానితోపాటు పోరు రుచీ మారుతుంది.

మాట గురించి ఒక సంగతి. మన పురాణ కథల్లో ఇలా పడిపోవడాన్ని మూర్ఛ అంటారు. వాడుకలో ఆ మాట ఫిట్స్ జబ్బుకు అంటుకుపోయింది కాబట్టి ఇక్కడ స్పృహ తప్పడం అనే రాస్తున్నాను.

పడి లేచే ఐదో ఎడిషన్

ఎక్కువమంది ఆడేది ఇదే కాబట్టి దీని దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుదాం. 2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో సున్నాకు కింద లెక్కే లేదు. హిట్ పాయింట్లు సున్నా అయితే పాత్ర స్పృహ తప్పి నేలమీద పడుతుంది, చేతిలోవి జారిపోతాయి. అక్కడి నుంచి తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక ఒకటి వేయాలి. 10 లేదా అంతకంటే ఎక్కువ పడితే గెలుపు, తక్కువైతే ఓటమి. మూడు గెలుపులు కూడితే పరిస్థితి నిలకడ పడుతుంది, మూడు ఓటములు కూడితే చావు. 1 పడితే రెండు ఓటములు. 20 పడితే ఒక హిట్ పాయింటుతో అప్పటికప్పుడే లేవవచ్చు. దీన్ని డెత్ సేవ్ అంటారు.

ఎవరూ సాయం రాకుండా, ఎవరూ మళ్లీ కొట్టకుండా వదిలేస్తే బతికే అవకాశం ఎంతో నేను కాగితం మీద లెక్క కట్టాను: 59.5 శాతం. నాణెం ఎగరేయడం కంటే కాస్త నయం. అయితే పడి ఉన్నవాడి మీద దాడికి పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకునే వెసులుబాటు శత్రువుకు ఉంటుంది. ఐదడుగుల లోపు నుంచి తగిలిన దెబ్బ క్రిటికల్, అంటే మామూలు కంటే బలమైన దెబ్బ అవుతుంది. పడి ఉన్నవాడికి అది ఒకేసారి రెండు ఓటములు. పడగానే అలాంటి దెబ్బ ఒకటి తగిలితే ఆ 59.5 కాస్తా 21 శాతానికి జారిపోతుంది. రెండు చేతులా గోళ్లతో చీల్చే మృగం ఒక్క వంతులో మనిషిని ముగించగలదు. కాబట్టి ఈ ఆట మెతకగా ఉంటుందా కరకుగా ఉంటుందా అన్నది పుస్తకం కంటే గేమ్ మాస్టర్ మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. పడినవాళ్ల జోలికి రాక్షసులు వెళతాయా లేదా అన్నది మొదటి రోజే చెప్పేయండి. నేనైతే ఆకలితో ఉన్న జంతువు పడినవాణ్ణి ఈడ్చుకుపోతుందనీ, కిరాయి సైనికుడు మాత్రం నిలబడి ఉన్నవాడి వైపే తిరుగుతాడనీ ముందే చెబుతాను.

ఇక అసలు చిక్కు. ఓగర్ అనే రాక్షస జీవి దెబ్బ సగటున 13. మీ యోధుడికి 7 పాయింట్లు మిగిలాయి. వైద్య మంత్రాలు వేసే క్లెరిక్ ముందే 5 పాయింట్ల వైద్యం చేస్తే 12 అవుతాయి. ఓగర్ కొడుతుంది, యోధుడు ఎలాగూ పడతాడు, మంత్రం బూడిదలో పోసిన పన్నీరు. అదే క్లెరిక్ చేతులు కట్టుకుని చూస్తూ ఊరుకుని, యోధుడు పడ్డాక ఆ 5 పాయింట్లే ఇస్తే అతను 5 పాయింట్లతో లేచి కూర్చుంటాడు. సున్నాను దాటిపోయిన 6 పాయింట్ల దెబ్బను ఎవరూ లెక్కపెట్టరు. పైగా హీలింగ్ వర్డ్ మంత్రాన్ని అరవై అడుగుల దూరం నుంచి బోనస్ యాక్షన్‌గా, అంటే ఆ వంతులో అసలు పనితోపాటు అదనంగా వేయవచ్చు. తెలివైన ఆటగాళ్లు వారం తిరక్కుండానే ఈ కిటుకు పట్టేస్తారు. అక్కడి నుంచి గాయపడిన స్నేహితుణ్ణి కాపాడటం మానేసి, ఎప్పుడు పడతాడా అని ఎదురు చూస్తారు. పడిలేచే కెరటం అంటే మనకు ముచ్చటే. మూడు రౌండ్లలో మూడు సార్లు పడి మూడు సార్లు లేచే కెరటాన్ని చూస్తే మాత్రం నవ్వొస్తుంది.

ఇంతా చేసి మొదటి లెవెల్ పాత్రలకు ఈ మెతకదనం వర్తించదు. సున్నా దాటి మిగిలిన దెబ్బ పాత్ర గరిష్ఠ హిట్ పాయింట్లకు సమానమైతే అక్కడికక్కడే చావు. గరిష్ఠం 7 ఉన్న మాంత్రికుడు 3 దగ్గర ఉండగా 10 దెబ్బ తిన్నాడా, మిగిలింది 7, డెత్ సేవ్ మాట కూడా ఎత్తనక్కర్లేదు. కొత్తవాళ్లతో ఆడేటప్పుడు ఈ ఒక్క వాక్యాన్ని మొదటి రెండు లెవెల్స్ దాకా కొట్టిపారేస్తాను. తన పాత్రకు పేరు పెట్టిన గంటకే దాన్ని పాతిపెట్టమంటే రెండో వారం ఎవరు వస్తారు?

పడిలేచే జాతరను ఆపడానికి టేబుళ్లు సొంతంగా పెట్టుకునే నియమాల్లో బాగా వ్యాపించింది అలసట: సున్నాకు దిగిన ప్రతిసారీ ఒక ఎగ్జాషన్ లెవెల్. ఇక్కడ జాగ్రత్త అవసరం. 2014 పుస్తకంలో ఎగ్జాషన్ మెట్లు చాలా నిటారుగా ఉంటాయి. మూడో మెట్టుకే దాడులు, సేవ్‌లు (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచికలు) రెండూ కుంటుపడతాయి. అలా కుంటుపడ్డవాడు ఇంకా తేలిగ్గా పడతాడు, పడితే ఇంకో మెట్టు. ఇదే ఎడిషన్‌ను సవరించిన 2024 పుస్తకంలో మెట్టుకు 2 చొప్పున పాచిక ఫలితం తగ్గుతుంది, నడక ఐదడుగులు తగ్గుతుంది, అంతే. ఆరో మెట్టు చావన్నది రెండింటిలోనూ ఉంది. ఈ సొంత నియమాన్ని 2024 పుస్తకంతో నిశ్చింతగా వాడవచ్చు, 2014తో వద్దంటాను. ఇంకో ఉపాయం డెత్ సేవ్‌లు తెర వెనక వేయడం. పడినవాడికి ఎన్ని ఓటములు కూడాయో తెలియకపోతే "ఇంకా రెండు రౌండ్ల టైముంది" అని ఎవరూ లెక్కలు వేయరు, నిజంగానే పరుగెత్తుకొస్తారు. పైసా ఖర్చు లేని మార్పు, నాకు తెలిసినవాటిలో ఇదే బాగా పనిచేసింది. దీనికీ ఒక ధర ఉంది: పడిన ఆటగాడి చేతిలోని ఆ ఒక్క పాచికా లాగేసుకుంటున్నారు. అతనికి అంతకుమించి చేయడానికి ఏమీ లేదని గుర్తుంచుకోండి.

గాయం గుర్తుండే ఆట

పాత్‌ఫైండర్ అనే మరో ఆట రెండో ఎడిషన్ 2019లో వచ్చింది. ఇందులోనూ సున్నా దగ్గర స్పృహ తప్పడమే, కానీ రెండు అంకెలు రాసుకోవాలి. ఒకటి డయింగ్, అంటే చావుకు ఎంత దగ్గరో చెప్పే అంకె. మామూలు దెబ్బకు పడితే 1, క్రిటికల్‌కు పడితే 2, 4కు చేరితే చావు. తన వంతు మొదట్లో 10కి ఆ డయింగ్ అంకె కలిపి, అంతకు తగ్గకుండా పాచిక వేయగలిగితే ఒకటి తగ్గుతుంది, లేకపోతే పెరుగుతుంది. రెండోది ఊండెడ్, అంటే గాయపడి లేచినవాడి గుర్తు. డయింగ్ నుంచి బయటపడిన ప్రతిసారీ ఇది ఒకటి పెరుగుతుంది, మళ్లీ పడినప్పుడు వచ్చే డయింగ్‌కు ఇది కలుస్తుంది.

లెక్క చూడండి. మొదటిసారి పడి లేచారు, ఊండెడ్ 1. రెండోసారీ పడి లేచారు, ఊండెడ్ 2. మూడోసారి క్రిటికల్‌కు పడ్డారంటే 2కు 2 కలిసి నేరుగా 4. పాచిక వేసే అవసరం కూడా లేదు. ఈ ఒక్క అంకె క్లెరిక్ బుద్ధిని తలకిందులు చేస్తుంది. స్నేహితుడు పడేదాకా ఆగడం ఇక్కడ దుబారా, పడకముందే పట్టుకోవడం పొదుపు. ఒకసారి పడి లేచినవాడు కూడా వెనక్కి జరిగి విల్లు అందుకుంటాడు. పోరు అయ్యాక గాయాలకు చికిత్స చేసి ఊండెడ్ గుర్తు తుడిచేసుకోవచ్చు, కాబట్టి వారాల తరబడి మోయనక్కర్లేదు.

ఇంకో చిన్న ఏర్పాటు నాకు ఇందులో బాగా నచ్చింది. పడిపోయినవాడి వంతు, తనను పడగొట్టిన శత్రువు వంతుకు సరిగ్గా ముందుకు జరుగుతుంది. అంటే అతను చావు పాచిక వేసేలోపు స్నేహితులందరికీ ఒక్కో అవకాశం వస్తుంది. ఐదో ఎడిషన్‌లో శత్రువు తర్వాత వెంటనే మీ వంతే ఉంటే సాయం చేరకముందే ఒక ఓటమి రాసుకోవాల్సి వస్తుంది. అది తప్పు కాదు గానీ, వంతుల వరుస పుణ్యమా అని ప్రాణం పోవడం ఎవరికీ సహించదు. ఈ వంతు మార్పును ఐదో ఎడిషన్‌లోకి తెచ్చుకుంటే ఏదీ విరగదు.

రాసుకోవడం ఎక్కువ, నియమాలు దట్టం అన్నది పాత్‌ఫైండర్ మీద ఉన్న పాత ఫిర్యాదు, అందులో నిజముంది. ఆఫీసు అయ్యాక రాత్రి తొమ్మిదికి అలసిపోయి కూర్చునే బృందానికి నేను దీన్ని సిఫారసు చేయను. నెలకు రెండుసార్లు, శ్రద్ధగా, ఏడాది పాటు సాగే కథ అయితే మాత్రం నా మొదటి ఓటు దీనికే.

పాతకాలపు కరకుదనం

1974 నాటి తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో సున్నా అంటే చావే. ఇప్పటికీ ఆ పద్ధతిలో ఆడేవాళ్లు ఉన్నారు, వాళ్ల టేబుళ్ల దగ్గర పోరు తప్పించుకోవడమే ఆటలో సగం. 1979లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్ మాస్టర్ పుస్తకంలో సున్నా దగ్గర స్పృహ తప్పడం, రౌండ్‌కు ఒకటి చొప్పున రక్తం కారిపోవడం, మైనస్ 10 దగ్గర చావు ఉన్నాయి. అందరూ మరిచిపోయే వాక్యం ఇంకొకటి ఉంది: అలా పడి లేచినవాడు వారం రోజులు విశ్రాంతి తీసుకోవాలి. గుహలో మూడో అంతస్తులో స్నేహితుడు పడిపోతే అతన్ని మోసుకుని బయటపడటమే ఆ రోజు సాహసం. శాల్వుడితో యుద్ధంలో ప్రద్యుమ్నుడు మూర్ఛపోతే సారథి రథాన్ని పక్కకు తప్పిస్తాడు, తెలివి వచ్చాక ప్రద్యుమ్నుడు నన్నెందుకు తెచ్చావని అతని మీదే విరుచుకుపడతాడు. మోసుకుపోవడంలో ఎంత కథ పుడుతుందో చూడండి. అరవై అడుగుల దూరం నుంచి ఒక్క మాటతో లేపగలిగే ఆటలో సారథికి పని లేదు.

ఇప్పటి ఆటల్లో ఈ కరకుదనం కావాలనుకుంటే 2023 నాటి షాడోడార్క్ చూడండి. పడిపోగానే నాలుగు ముఖాల పాచిక వేసి పాత్ర కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) వల్ల వచ్చే అంకె కలుపుతారు. అన్ని రౌండ్లే ఆయుష్షు. ఈలోగా వంతు వచ్చినప్పుడు 20 పడితే లేస్తాడు, లేదంటే ఎవరైనా పక్కకు వచ్చి కష్టమైన పాచిక గెలిచి నిలబెట్టాలి. దూరం నుంచి చూస్తూ కూర్చోవడం కుదరదు. ఒక్క సాయంత్రంలో ముగిసే ఆటకు ఇది సరిగ్గా సరిపోతుంది. పాత్ర పోయినా కొత్తది తయారుచేయడానికి కొద్ది నిమిషాలు చాలు, ఆ పోయినవాడు టీ పెట్టే అవసరం రాదు.

మూడున్నర ఎడిషన్ గురించి ఇంక ఎక్కువ చెప్పను. సున్నా దగ్గర కుంటుతూ ఒక్క పని చేయవచ్చు, మైనస్ 1 నుంచి మైనస్ 9 దాకా చావుబతుకులు, రౌండ్‌కు పది శాతం మాత్రమే తనంతట తాను నిలకడ పడే అవకాశం. పెద్ద లెవెల్స్‌లో ఒక్క దెబ్బే ముప్పై నలభై ఉంటుంది కాబట్టి ఆ తొమ్మిది పాయింట్ల చావుబతుకుల గట్టు కంటికి ఆనకుండానే దాటిపోతారు. నా టీ కథ అక్కడిదే.

స్పృహ వేరు, ప్రాణం వేరు

గర్ప్స్ అనే ఆట నాలుగో ఎడిషన్ ఈ రెండింటినీ విడదీస్తుంది. సున్నా దగ్గర ఎవరూ వెంటనే పడిపోరు. తన వంతు వచ్చినప్పుడల్లా ఆరోగ్యం మీద పాచికలు వేసి నిలబడగలిగితే కొట్లాడుతూనే ఉండవచ్చు. చావు పరీక్ష మైనస్‌లో తన పూర్తి హిట్ పాయింట్లంత లోతుకు దిగాకే మొదలవుతుంది. మరోవైపు పాయింట్లు చాలానే ఉన్నా, తలకు గట్టి దెబ్బ తగిలి ఆరోగ్య పరీక్ష ఘోరంగా తప్పితే అక్కడే స్పృహ పోతుంది. "వెనక నుంచి కర్రతో తలమీద ఒక్కటి వేస్తాను, కాపలావాడు పడిపోతాడు కదా" అని అడిగే ఆటగాడికి సూటిగా జవాబు చెప్పగలిగేది ఈ ఆటే. ఐదో ఎడిషన్‌లో ఆ ప్రశ్నకు నిజాయతీ గల సమాధానం ఒకటే: అతని హిట్ పాయింట్లు అయిపోయేదాకా కొట్టు.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉన్నది 2025లో వచ్చిన డాగర్‌హార్ట్. చివరి హిట్ పాయింట్ పోయినప్పుడు ఏమి కావాలో ఆటగాడే ఎంచుకుంటాడు. ఒక మహాకార్యం చేసి చనిపోవచ్చు. స్పృహ తప్పి బతికిపోవచ్చు, అప్పుడు శాశ్వతంగా ఒక మచ్చ మిగిలే ప్రమాదం ఉంది. లేదా పాచికలకు వదిలేసి లేస్తే లేవవచ్చు, పోతే పోవచ్చు. దీన్ని మెతక ఆట అని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించను. మా టేబుల్ దగ్గర ఆటగాళ్లు చావును ఎంచుకున్నంత ధైర్యంగా పాచికలు ఎప్పుడూ చంపలేదు. 2012 నాటి డంజన్ వరల్డ్‌లో మృత్యువుతో బేరం ఉంటుంది. రెండు పాచికలు వేస్తే 10 లేదా ఆపైన వస్తే బయటపడతారు, 6 దాకా చస్తారు, మధ్యలో పడితే మృత్యువు ఒక షరతు పెడుతుంది. నూటికి 42 సార్లు ఆ మధ్య గడే వస్తుంది, గేమ్ మాస్టర్‌కు ఊహ ఉంటే పండగ. అక్కడికక్కడ షరతులు కల్పించడం మీకు కష్టమైతే దీని జోలికి పోవద్దు.

చంపకుండా పడగొట్టాలంటే

ఇది వేరే ప్రశ్న, కానీ టేబుల్ దగ్గర గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. గూఢచారిని ప్రాణాలతో పట్టుకోవాలి. ఐదో ఎడిషన్‌లో దగ్గర నుంచి కొట్టిన దెబ్బ సున్నాకు చేర్చినప్పుడు, ఆ క్షణంలో "చంపను" అంటే చాలు, జరిమానా లేదు. బాణానికి ఈ సౌకర్యం లేదు. 2014 లెక్కలో బందీ సున్నా దగ్గర నిలకడగా పడి ఉంటాడు, మామూలుగా ఒకటి నుంచి నాలుగు గంటలు ఆగాలి. 2024లో ఒక పాయింటుతో స్పృహ తప్పుతాడు, ప్రథమ చికిత్సతో అప్పుడే లేపవచ్చు. విచారణ కోసం పట్టుకునేవాళ్లకు ఇదే హాయి.

పాత్‌ఫైండర్‌లో కత్తితో చంపకుండా కొట్టాలంటే ముందే చెప్పాలి, దాడికి 2 తగ్గుతుంది. పిడికిలికి ఆ బాధ లేదు. మూడున్నరలో 4 తగ్గుతుంది, పైగా ఆ దెబ్బలను విడిగా లెక్కపెట్టాలి. 11 పాయింట్ల కాపలావాడికి 6 మామూలు దెబ్బ తగిలితే 5 మిగులుతాయి. విడి లెక్క 5కు చేరితే తూలతాడు, 6 అయితే పడిపోతాడు. కాగితం మీద చక్కగా ఉంటుంది, ఆరుగురు కాపలావాళ్లు ఉన్నప్పుడు గేమ్ మాస్టర్ ప్రాణం తీస్తుంది.

ఎంపిక ఇక్కడ మీ కథను బట్టి చేసుకోండి. దయ చూపడానికి ఖర్చేమీ లేకపోతే ఆటగాళ్లు తరచుగా దయ చూపుతారు, బందీలు పోగవుతారు, వాళ్లకు తిండి పెట్టాలి, కాపలా పెట్టాలి. దానికి సిద్ధంగా లేని గేమ్ మాస్టర్‌కు పాత్‌ఫైండర్ జరిమానా మంచిది.

కర్రలు కత్తులు లేకుండా నిద్రపుచ్చడం మన కథల్లో ఎప్పటినుంచో ఉంది. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు సమ్మోహనాస్త్రం వేసి కౌరవ సేనను మూర్ఛలో ముంచాడు, రాకుమారి ఉత్తర బొమ్మపొత్తికల కోసం ఆమె అన్న ఉత్తరుడు వాళ్ల వస్త్రాలు తెచ్చాడు. ఐదో ఎడిషన్‌లో స్లీప్ మంత్రానిది అదే పని. 2014 రూపంలో ఎనిమిది ముఖాల పాచికలు ఐదు వేస్తారు, సగటు 22.5, అన్ని హిట్ పాయింట్ల మేర బలహీనులతో మొదలుపెట్టి సేవ్ లేకుండా నిద్రపోతారు. మొదటి లెవెల్‌లో బ్రహ్మాస్త్రం, ఐదో లెవెల్‌కు దండగ. 2024లో దీన్ని విజ్‌డమ్ (వివేకం) సేవ్‌కు, అంటే శత్రువు పాచిక వేసి తప్పించుకోగలిగేలా మార్చారు. మొదట్లో అంత భరోసా లేదు గానీ, తర్వాత తర్వాత కూడా పనికొస్తుంది.

ఈ ఏడాది మా బృందంలో ఐదుగురు ఉన్నారు, ఇద్దరు పూర్తిగా కొత్తవాళ్లు. ఐదో ఎడిషన్ 2024 పుస్తకం, పాత్‌ఫైండర్ వంతు మార్పు, పడిన ప్రతిసారీ ఒక ఎగ్జాషన్ మెట్టు, మూడో లెవెల్ వచ్చేదాకా ఒక్క దెబ్బ చావు లేదు. డెత్ సేవ్‌లు మాత్రం బాహాటంగానే వేయిస్తున్నాను, ఎందుకంటే మొదటి వారం పడిపోయిన కొత్తమ్మాయి పాచికను రెండు చేతుల మధ్య ఊపుతూ కళ్లు మూసుకోవడం చూశాక దాన్ని లాక్కోబుద్ధి కాలేదు.